నల్లగొండ నుంచి మోటుపల్లికి: కాకతీయుల రేవును చూసి రావడం ఎలా

మన జిల్లాకు సముద్రం లేదు. పక్కనున్న సూర్యాపేటకూ లేదు, మహబూబ్‌నగర్‌కూ లేదు. కానీ ఒకప్పుడు ఈ నేలకు సముద్రం మీదికి తెరుచుకునే దర్వాజ ఒకటి ఉండేది. దాని పేరు మోటుపల్లి. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయులకు అది పెద్ద రేవు. పిల్లలమర్రి గుళ్లు కట్టించిన రేచర్ల రెడ్లు ఆ కాకతీయుల సామంతులే. కాబట్టి చీనా కర్పూరం, పగడాలు, పట్టు దారం దిగిన ఆ రేవు మనకు పరాయిది కాదు. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక చిన్న పల్లె.

నేను అక్కడికి మూడుసార్లు పోయాను. మొదటిసారి ఏమీ తెలుసుకోకుండా పోయి, ఏమీ చూడకుండానే తిరిగొచ్చాను. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నాను. రెండు రోజులు చేతిలో ఉంటే చాలు.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి

మోటుపల్లిలో ఓడరేవు కనిపించదు. ఓడలు ఆనుకునే గట్టు గానీ, దీపస్తంభం గానీ, పాత గోదాములు గానీ ఉంటాయనుకుని పోతే నిరాశే. మన తూర్పు తీరమంతా ఇసుక. పెద్ద ఓడ ఒడ్డు దాకా వస్తే ఇసుకలో కూరుకుపోతుంది. అందుకే వెనకటి రోజుల్లో ఓడలు దూరంగా లోతు నీళ్లలోనే లంగరు వేసేవి. చిన్న పడవలు అలలను దాటుకుంటూ పోయి సరుకు దించుకొచ్చేవి. అంటే ఇసుక ఒడ్డే రేవు. పడవలు పోయాక అక్కడ మిగిలేది మళ్లీ ఇసుకే.

మరి ఏం చూడటానికి పోవాలి? ఒక రాతిని. ఊళ్లో వీరభద్రస్వామి గుడి ఉంది. ఆ గుడి ముందరి మండపంలో ఒక స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడు చెక్కించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45. దాన్ని అభయ శాసనం అంటారు. ఆ రాతి ముందు నిలబడి, అందులో ఏముందో తెలుసుకుని, ఆ తర్వాత నడిచి సముద్రం దగ్గరికి పోవాలి. ఈ వరుస మార్చొద్దు. ముందే సముద్రం చూస్తే పిల్లలు మళ్లీ గుడి వైపు రారు, పెద్దవాళ్లు కూడా అంతే.

ఎప్పుడు పోవాలి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. నేను మొదటిసారి అమ్మను తీసుకుని మే నెలలో పోయాను. మన ఎండకు అలవాటు పడ్డవాళ్లమే కదా అనుకున్నాను. మన దగ్గర ఎండ కాలుస్తుంది గానీ చెట్టు కింద కూర్చుంటే చెమట ఆరుతుంది. అక్కడ నీడలో కూర్చున్నా ఒంటికి చీర అతుక్కుపోయి ఉంటుంది. అమ్మకు కళ్లు తిరిగాయి. అరవై దాటినవాళ్లను ఏప్రిల్, మే నెలల్లో తీసుకుపోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అక్టోబరు నుంచి డిసెంబరు నడుమ దాకా తుఫాన్ల కాలం. టీవీలో వాతావరణ వార్తలు వస్తున్నప్పుడు 'నిజాంపట్నం, మచిలీపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వినే ఉంటారు. మనం ఇక్కడ దాన్ని పట్టించుకోం. మీరు పోయే రోజుల్లో మాత్రం పట్టించుకోవాలి, ఎందుకంటే నిజాంపట్నం ఉండేది కూడా ఆ బాపట్ల జిల్లాలోనే. ఆ హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. మూడు అని విన్నారంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. బండి కిరాయి డబ్బులు పోతే పోనీ.

చేపలు, రొయ్యలు తినాలన్న ఆశ ఉంటే ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఈ తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది.

బయలుదేరే ముందు వారం: చందుపట్ల

ఈ పని చాలామంది చేయరు. నా మాట విని చేయండి. నకిరేకల్ దగ్గర చందుపట్లకు ఒక పూట పోయి రండి. 1289 నవంబరు 27 నాటి శాసనం దొరికిన ఊరు అది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్లకు పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేశాడని అందులో ఉంది. రాణి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ రాతి వల్లనే. అంతకుముందు చరిత్రకారులు ఇంకా కొన్నేళ్లు బతికిందనే అనుకున్నారు.

దీనికీ మోటుపల్లికీ ఏం సంబంధం అంటారా? వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన యాత్రల గురించి చెబుతూ 'ముత్ఫిలి' అనే రాజ్యం గురించి చెప్పాడు. ముత్ఫిలి అంటే మోటుపల్లే. రేవు పేరునే రాజ్యం పేరుగా చెప్పాడన్నమాట. అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, ప్రజలకు ఆమె అంటే ఎంతో ఇష్టమని, అక్కడి బట్టలు సాలెగూడు అంత సన్నగా ఉంటాయని అతను చెప్పిన మాటలు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆమె పేరు సముద్రాలు దాటిపోయింది మోటుపల్లి నుంచి, ఆమె చావు రాతికెక్కింది మన చందుపట్లలో. రెండు రాళ్లూ చూస్తేనే కథ పూర్తవుతుంది.

వీలుంటే అదే రోజు పానగల్లు కూడా. ఛాయా సోమేశ్వరాలయం అందరికీ తెలిసిందే. దానికంటే పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియంలో ఒక గంట గడపండి. శాసనం రాయి దగ్గరగా ఎలా ఉంటుందో, పాత తెలుగు అక్షరం ఎలా ఉంటుందో పిల్లల కంటికి అలవాటవుతుంది. మోటుపల్లిలో అది అక్కరకొస్తుంది.

ఏం పట్టుకుపోవాలి

మామూలు సామాన్లు మీకు తెలుసు. నేను చెప్పేవి వేరు.

శాసనం తెలుగు తాత్పర్యం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి లేదా ప్రింట్ తీసుకోండి. రాతి మీద ఉన్నది కాకతీయుల కాలపు లిపి, భాష కొంత సంస్కృతం, కొంత తెలుగు. అలవాటు లేనివాళ్లకు చదవడం రాదు. ఫోన్లో ఉందిలే అనుకోవద్దు. ఎండ వెలుగులో తెర కనిపించదు, సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం.

చిన్న టార్చిలైటు ఒకటి. ఎందుకో తర్వాత చెబుతాను. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. ఒక పాత చీర, ఒడ్డున పరుచుకోవడానికి. సద్ది కట్టుకుంటే మరీ మంచిది. మేము రెండోసారి జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర తీసుకుపోయాం. మోటుపల్లిలో హోటళ్లు ఉంటాయని లెక్క వేసుకోవద్దు. తినాలన్నా పడుకోవాలన్నా చీరాలే.

దారి

సొంత బండి అయితే నల్లగొండ నుంచి మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట. ఇదంతా అద్దంకి - నార్కెట్‌పల్లి రోడ్డే. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. ఆగుతూ పోతే ఐదు గంటలు పడుతుంది. టోల్ గేట్లు ఉన్నాయి, ఫాస్టాగ్‌లో డబ్బులు ఉన్నాయో లేదో ముందు రాత్రే చూసుకోండి. మహబూబ్‌నగర్ వాళ్లు హైదరాబాద్ చుట్టూ తిరగక్కర్లేదు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి మిర్యాలగూడకే వస్తుంది.

రైలు అయితే నల్లగొండ, మిర్యాలగూడ స్టేషన్ల నుంచి గుంటూరు, తెనాలి మీదుగా చీరాలకు పోయే బండ్లు ఉన్నాయి. నారాయణాద్రి మనకు సాయంత్రం దొరుకుతుంది కానీ చీరాలలో దించేది అర్ధరాత్రి దాటాక. ముసలివాళ్లు, చిన్న పిల్లలు ఉంటే ఆ టెన్షన్ వద్దు. ముందే గది మాట్లాడుకుంటే తప్ప దాన్ని ఎక్కొద్దు.

బస్సులో పోయే ఆడవాళ్లకు ఒక మాట. మన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు వరకే. వాడపల్లి దాటిన తర్వాతి దూరానికి టికెట్ తీసుకోవాలి. మా మేనత్త ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని కూర్చుంది. కండక్టర్ చెప్పేదాకా ఆమెకు తెలియదు. చిల్లర దగ్గర పెట్టుకోండి.

వాడపల్లిలో ఆగండి

దీన్ని దాటి పోవద్దు. అది కూడా రేవే, నది రేవు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. మన హైదరాబాద్, వలిగొండ మీదుగా వచ్చిన నీళ్లు అక్కడ కృష్ణమ్మ చేతికి పోతాయి. అక్కడి నుంచి ఆ నీళ్లు పులిచింతల, విజయవాడ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మనం చేరబోయేది దానికి దక్షిణాన ఉన్న ఒడ్డు. పిల్లలకు మ్యాపులో చూపించి చెబితే సముద్రం వాళ్లకు ఉత్త నీళ్లలా అనిపించదు.

అక్కడ రెండు గుళ్లు ఉన్నాయి. మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి. నరసింహస్వామి గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తులో పెట్టిన దీపం కదులుతూ ఉంటుంది, కింద పెట్టిన దీపం నిలకడగా ఉంటుంది. పైది స్వామి ఊపిరికి కదులుతుందని భక్తులు చెబుతారు. పూజారి గారిని అడిగితే చూపిస్తారు. అరగంట చాలు. ఘాట్ మెట్ల మీద నాచు ఉంటుంది, జాగ్రత్త.

రాత్రి చీరాలలో

చీరాలలో లాడ్జీలు ఉన్నాయి. సముద్రం పక్కనే కావాలంటే ఓడరేవు, రామాపురం వైపు రిసార్టులు ఉన్నాయి. చీరాల దగ్గరి ఆ బీచ్ ఊరి పేరే ఓడరేవు. అక్కడ దీపస్తంభం కూడా ఉంది. శని, ఆదివారాల్లో ధరలు పెరుగుతాయి, జనం కూడా ఎక్కువ. మామూలు రోజుల్లో పోతే రెండు విధాలా సుఖం. మీ పని మోటుపల్లితో కాబట్టి ఊళ్లోని లాడ్జి చాలు, తెల్లవారుజామునే లేవాలి కదా.

రెండో రోజు పొద్దున: రాయి

ఏడింటికల్లా మోటుపల్లిలో ఉండండి. ఇది చాలా ముఖ్యం. ఇలాంటి పల్లె గుళ్లు పొద్దున, సాయంత్రం తెరిచి, మధ్యలో మూసేస్తారు. మొదటిసారి మేము మిట్టమధ్యాహ్నం పోయాం. తలుపుకు తాళం. అమ్మ గడప పక్కన కూలబడి, 'ఇంత దూరం గీ తాళం జూసేటందుకేనా బిడ్డా వచ్చింది' అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పక్కింటి పెద్దావిడ మంచినీళ్లు ఇచ్చి, చాప వేసి, 'పొద్దున్నే రావాలమ్మా, పూజారి గారు ఉంటారు' అని చెప్పింది. మాకు ఆ రోజు ఆగే వీలు లేదు. వెనక్కి వచ్చేశాం.

గుడికి పోగానే రాయి మీదికి పరిగెత్తొద్దు. ముందు స్వామికి దండం పెట్టుకోండి, పూజారి గారితో మాట్లాడండి. అది వాళ్లు రోజూ పూజ చేసే గుడి. మండపంలో ఫోటో తీసుకోవచ్చా అని అడగండి. గర్భగుడి ఫోటో మాత్రం వద్దు. రెండోసారి మేము పోయినప్పుడు గుళ్లో ఉన్నాయన 'ఎక్కడి నుంచండీ' అన్నారు. నల్లగొండ అన్నాం. 'అంత దూరం నుంచి ఈ రాయి కోసమా' అని ఒక క్షణం మా వైపే చూసి, లోపలి నుంచి బకెట్టు తెచ్చి స్తంభం అడుగున మన్ను కడిగి పెట్టారు.

ఇప్పుడు టార్చిలైటు తీయండి. రాయికి ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనిపించదు, అంతా బూడిద రంగు బండే. స్తంభానికి పక్కగా నిలబడి, వెలుగు రాయిని రాసుకుంటూ పోయేలా టార్చి పట్టండి. అక్షరాల గాట్లలో నీడ నిండుతుంది. అప్పటిదాకా గీతల్లా ఉన్నవి వరసలు వరసలుగా అక్షరాలై లేస్తాయి. పొద్దున్నే రమ్మన్నదానికి ఇది రెండో కారణం, ఏటవాలు ఎండ కూడా కొంత ఇదే పని చేస్తుంది. సుద్ద రాయడం, పసుపు పూయడం, నూనె పట్టించడం చేయొద్దు. 780 ఏళ్లు నిలిచిన గాటు అలాంటి పూతలతో పూడిపోతుంది. వేలితో గీయడం కూడా వద్దు.

పిల్లలకు ఒక పని పెట్టండి. 'గణపతి' అన్న నాలుగక్షరాలు ఎక్కడున్నాయో వెతకమనండి. పాత లిపిలో 'గ' బోర్లించిన గుర్రపు నాడాలా ఉంటుంది. మా చిన్నది పావుగంట వెతికింది. 'గ' దొరికింది అని అరిచినప్పుడు మండపంలో పావురాలు లేచిపోయాయి.

తర్వాత కాగితం తీసి ఒకరు పైకి చదవండి. శాసనం చెప్పేది ఇది. దేశదేశాలకు పోయే, తిరిగి వచ్చే సముద్ర వర్తకులకు గణపతిదేవుడు అభయం ఇస్తున్నాడు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరి, తుఫానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు బలవంతంగా తీసుకునేవాళ్లు. ధనం ప్రాణం కంటే ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా మేము వాళ్లకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతి మీదైనా దిగుమతి మీదైనా ముప్పయ్యో వంతు.

ముప్పయ్యో వంతు అంటే ఇప్పటి లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఆ తర్వాత సరుకుల పట్టీ ఉంటుంది. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, పోకలు. ఏ సరుకు మీద ఎంత అన్నది రాతి మీదే ఉంది. అంటే సుంకరి ఇష్టం వచ్చినట్టు వసూలు చేయడానికి లేదు. భాష రాని వర్తకుడైనా చదివించుకుని, ఇదిగో రాజు మాట అని చూపించవచ్చు.

ఆ మొదటి భాగం చదివేటప్పుడు తొందరపడొద్దు. ఓడ పగిలి, తోటివాళ్లు మునిగిపోయి, చావు తప్పి ఒడ్డున పడ్డ మనిషిని తలుచుకోండి. అతను కళ్లు తెరిచేసరికి రాజు మనుషులు వచ్చి మిగిలిన మూటలు కూడా మోసుకుపోతున్నారు. ఎంతో కాలంగా అదే చట్టం. సముద్రమే లేని లోతట్టు నేల నుంచి ఏలే రాజు అది తప్పు అన్నాడు. మన పాత రాజుల గురించి యుద్ధాలు, బిరుదులు చదువుకున్నాం గానీ, ఈ ఒక్క రాయి చదివాక గణపతిదేవుడి మీద నాకు కలిగిన గౌరవం వేరు.

ఇదే ఊళ్లో ఇంకో శాసనం కూడా వెలిసింది. కాకతీయులు పోయిన తర్వాత, 1358లో, కొండవీడు ఏలిన అనపోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మళ్లీ అభయం ఇచ్చాడు. అది సంస్కృతం, తెలుగు, తమిళం, మూడు భాషల్లో ఉంది. వచ్చేవాళ్లకు అర్థం కావాలి కదా. ఊళ్లో కోదండరామస్వామి గుడి కూడా ఉంది, అదీ చూసి నడవండి.

ఆ తర్వాత సముద్రం

ఒడ్డు వైపు ఊళ్లోవాళ్లను దారి అడిగి పోండి. వాళ్ల పడవలు, వలలు దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి పోండి. ఆరేసిన వల తొక్కొద్దు, పడవ ఎక్కి ఫోటోలు దిగొద్దు. మన పొలంలో ఆరబెట్టిన వడ్ల మీద ఎవరైనా నడిస్తే మనకెలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది. వలలోంచి చేపలు విడదీస్తున్న చోట కాస్త దూరంగా నిలబడి చూడొచ్చు. మాట కలిపితే వాళ్లే పిలుస్తారు. మన 'వచ్చినం, చూసినం' వినగానే తెలంగాణవాళ్లని గుర్తుపట్టి ఆప్యాయంగానే మాట్లాడతారు.

నీళ్ల సంగతి మాత్రం కచ్చితంగా వినండి. మనలో చాలామంది బావిలో, చెరువులో, సాగర్ కాల్వలో ఈత నేర్చుకున్నవాళ్లం. ఆ ఈత సముద్రంలో పనికి రాదు. బావి నీళ్లు మిమ్మల్ని లాగవు. సముద్రం లాగుతుంది. అల ఒడ్డుకు వచ్చేటప్పుడు కంటికి కనిపిస్తుంది, తిరిగి పోయే నీళ్లు కాళ్ల కింది ఇసుకతో సహా లోపలికి పోతాయి. కొన్ని చోట్ల ఆ తిరుగు నీళ్లన్నీ ఒక్క పాయగా చేరి వేగంగా పోతాయి. రెండు పక్కలా అలలు విరుగుతూ, నడుమ ఒక చోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే అదే ఆ పాయ. కొత్తవాళ్లు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు.

మోకాలి లోతు దాటొద్దు. చిన్నపిల్లల చేయి వదలొద్దు. పొరపాటున లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలిసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదండి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు, దాని నుంచి బయటపడ్డాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకొద్దు. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి, మత్స్యకారులను కేకేయండి. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికే రానీయొద్దు. ఇందులో మొహమాటం లేదు, బావ అయినా సరే, దోస్తు అయినా సరే.

మేము రెండోసారి పోయినప్పుడు అమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో నిలబడింది. అల వచ్చి పోయింది. పాదాల కింద ఇసుక జారుతుంటే నా భుజం గట్టిగా పట్టుకుంది. కొంచెం నీళ్లు దోసిట్లో తీసుకుని నాలుక మీద వేసుకుంది. 'నిజంగనే ఉప్పు' అంది. డెబ్బై ఏళ్లకు చూసింది సముద్రాన్ని.

తిరుగు దారిలో

చినగంజాం చుట్టుపక్కల ఉప్పు కయ్యలు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. మన వరి మడుల్లాగే గట్లు కట్టి, ఉప్పునీళ్లు పెట్టి, ఎండకు ఆరనిస్తారు. ఎండలు ముదిరే కొద్దీ తెల్లటి కుప్పలు లేస్తాయి. ఫిబ్రవరి చివర పోతే పని జరుగుతూ కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూడండి, కయ్యలో కాలు పెట్టొద్దు. అక్కడ పనిచేసేవాళ్ల పాదాలు చూడండి. ఉప్పునీళ్లకు మడమలు పగిలి, ఆ పగుళ్లలో మళ్లీ ఉప్పు. కిలో ఉప్పు ధర మీద బేరం ఆడటానికి నాకు నోరు రాలేదు.

వేటపాలెంలో సారస్వత నికేతనం చూడండి. 1918లో మొదలైన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు దాచిపెట్టిన తీరు చూస్తే ఆ ఊరివాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. గాంధీజీ చేతికర్ర కూడా అక్కడ భద్రంగా ఉంది. తెరిచి ఉండే వేళలు చీరాలలోనే కనుక్కుని పోండి. ఆ ఊరి జీడిపప్పుకు పేరు, ఇంటికి తీసుకుపోవచ్చు.

చీరాలలో బట్టల కొట్లకు పోయేవాళ్లు ఒక ప్రశ్న అడగండి, తేలియా రుమాలు గురించి. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో దారాన్ని నానబెట్టి, ఎర్ర రంగు వేసి నేసే చదరపు బట్ట అది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా పోయేది. పుట్టింది చీరాలలో. ఇప్పుడు దాన్ని నిలబెట్టింది మన సంస్థాన్ నారాయణపురం దగ్గరి పుట్టపాక నేతన్నలు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తీరం నుంచి మన ఊరికి నడిచొచ్చిన విద్య అది. మా మూడో ప్రయాణంలో పుట్టపాక నుంచి ఒక రుమాలు తీసుకుపోయి చీరాలలో ఒక ముసలి నేతగాడికి చూపించాం. ఆయన మడత విప్పలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నూనె వాసన ఉందని తల ఊపి, అప్పుడు విప్పాడు.

మధ్యాహ్నం రెండింటికల్లా చీరాల వదిలితే చీకటి పడ్డాక కాసేపటికే నల్లగొండలో ఉంటారు. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి, సిమెంటు లారీలు ఎక్కువ, రాత్రిపూట అక్కడ నిదానంగా పోండి.

రాళ్ల ఉప్పు తెచ్చుకుంటే ప్లాస్టిక్ సంచిలో కట్టి బండి డిక్కీలో వదిలేయొద్దు, నీరు కారి ఇనుము తుప్పు పడుతుంది. గోనెసంచిలో వేసి, కింద ఒక పళ్లెం పెట్టండి. ఇంటికొచ్చాక ఎండలో ఒక పూట ఆరబోసి, దంచి, జాడీలో పోసుకోండి. మామిడికాయ తొక్కుకు అమ్మ ఇప్పుడు ఆ ఉప్పే వాడుతోంది. అయిపోవచ్చింది, మళ్లీ ఎప్పుడు పోదామని అడుగుతోంది.